మునిగే పెట్టెకు పెట్టిన పేరు

రేవు పని దగ్గర నుంచి, రత్నగిరి దిక్కు
2 డిసెంబరు 1936

రుక్మక్కకు తమ్ముడు శంకర్రావు దండాలు.

ముందుగా బావ మీద ఒక ఫిర్యాదు. నీకూ నాకూ ఆయన నేర్పిన అక్షరాలు ఈ ఉప్పుగాలికి తుప్పు పడుతున్నాయి. తప్పులుంటే ఆయన్ను తిట్టు, నన్ను కాదు.

అక్కా, నన్ను పెట్టెకు మేస్త్రీని చేశారు. పెట్టె అంటే బట్టలు పెట్టుకునే సందూక్ అనుకునేవు. ఇంజనీరు దొర కేసన్ అంటాడు, మా ముఠా అంతా పెట్టె అంటాం. మన ఇల్లూ పక్కనున్న గఫూర్ సాబ్ ఇల్లూ కలిపితే ఎంతో అంత ఉంటుంది. ఒడ్డునే ఇనుప చువ్వలు కట్టి, చెక్కలు నిలిపి, కాంక్రీటు పోస్తున్నాం. లోపల అరలు, పైన మూత ఉండదు. గోనెపట్టాలు కప్పి వారాల తరబడి తడుపుతూ ఉండాలి. గట్టిపడ్డాక పున్నమి పోటుకు నీళ్ళలోకి జార్చి, ఆవిరి పడవతో లాక్కుపోతారు. సముద్రం అడుగున ముందే రాళ్ళు పరిచి సదును చేసిన చోట ఆపి, తూములు తెరిచి ముంచుతారు. తర్వాత అరల నిండా ఇసుక పోస్తారు. అదే రేవుకు గోడ. ఇంత రాయి ఎట్ల తేలుతుందని నవ్వకు. ఇత్తడి బిందె తేలదా ఏమి, లోపలికి నీళ్ళు పోనంతసేపు?

బాపుకు నువ్వు చెప్పాల్సింది ఒకటే. ఇందులో మనిషి దిగడు. వంతెన కాళ్ళకు పునాదిగా రాతి బావులు కట్టి నదిలోకి దించినప్పుడు అడుగున మనిషి కూచొని మట్టి తవ్వాలి, ఆ మనిషి నెత్తి మీదికే బావి దిగాలి. మన మారోతన్న అట్లనే పోయాడు. ఇక్కడ అడుగున ఎవరూ ఉండరు. నేను బాపు ముఠా విడిచి వచ్చినప్పుడు ఈ మాట చెప్పినందుకే కదా బాపు నాతో మాట మానింది. ఇప్పుడు వచ్చి కళ్ళారా చూడమను.

ఇంకో సంగతి. ఇక్కడ చేపలు పట్టే కోళీలు పడవకు ఇంటి పెద్ద పేరు పెట్టి కుంకుమ దిద్దుతారు. మా పెట్టెకూ ఒక పేరు పెట్టుకోమన్నాడు దొర. తెల్లరంగుతో నేనే రాశాను, 'పోచన్న' అని. బాపు పేరు ఇంత పెద్దగా ఎవరూ రాసి ఉండరు. మాఘ పున్నమికి పెట్టె నీళ్ళలోకి దిగుతుంది. బాపుకు బావను తోడిచ్చి పంపు.

కర్ఖేలి ఊరి కాశీబాయికి చెప్పు, ఆమె కొడుకు దేవన్న నా ముఠాలోనే బాగున్నాడు. ఇద్దరి కూడు ఒక్కడే తింటున్నాడు.

నీ తమ్ముడు
శంకర్రావు

నాందేడ్
11 డిసెంబరు 1936

తమ్ముడు శంకర్రావుకు అక్క ఆశీర్వాదం.

మేస్త్రీవైనందుకు సంతోషం. బడిలో నీళ్ళు పోసే పని అయ్యాక ఇంటికి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా బాపు ముందు కూచొని నీ ఉత్తరం గడగడా చదివాను. తప్పు నాదీ ఉంది. ముందు నాలో నేను చదువుకుని ఉంటే సగంలో ఆపేదాన్ని.

నువ్వు పుట్టింది బావులు దించే ముఠాలో కదరా? మనలో బావికి ఎవరి పేరు పెడతారు? ఆ బావిలో పోయినవాళ్ళ పేరు. గోదావరి వంతెన మూడో కాలు మన మారోతి. బాపు ఈనాటికీ పొద్దున్నే కట్టె పట్టుకుని ఘాటుకు పోయి, ఆ కాలును చూస్తూ కూచుని వస్తాడు. బతికున్నవాళ్ళ పేరు బావికి పెట్టడం ఎప్పుడైనా విన్నావా?

బాపు మొత్తం విన్నాడు. తర్వాత "నేను సచ్చిన్నా బిడ్డా? వాడు రాసేదాంక నాకు ఎరుకనే లేకపాయె" అన్నాడు. నవ్వులాటకు అన్నాడేమో అనుకున్నాను. పొద్దుగూకే ముందు అన్నం పెడితే పళ్ళెం తీసుకుని వాకిట్లోకి పోయి కాకులకు వేశాడు. "సచ్చినోనిది పిట్టకు పెట్టాలె గద" అన్నాడు. మరునాడు కూడా అదే పని చేశాడు. మీ బావ చేతులు పట్టుకుని బతిమాలితే ఇంత జొన్న గటక తాగాడు.

ఘాటుకు పోవడం కూడా మానేశాడు. పగలంతా గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడు. దగ్గు ఎక్కువైంది.

ఆ పేరు తుడిచెయ్యి. వెంటనే తుడిచానని రాయి. అది చదివి వినిపిస్తే లేచి కూచుంటాడేమో. నిన్ను ఇంతకంటే ఏమీ అడగను.

రుక్మ

రేవు పని దగ్గర నుంచి
20 డిసెంబరు 1936

అక్కకు,

నీ ఉత్తరం చదివి పనికి పోలేదు.

నేను ఏదీ మరిచిపోలేదు. కానీ ఇది బావి కాదు, పడవలాగా తేలి పోయేది. తేలేదానికి బతికినవాళ్ళ పేరే పెడతారు ఇక్కడ. కోళీ ముసలాయన ఒకడు తన పేరున్న పడవలోనే రోజూ వేటకు పోతున్నాడు, రాయిలాగా ఉన్నాడు. సముద్రం మీద సముద్రం రివాజే నడుస్తుంది, గోదావరి రివాజు కాదు.

నేను ప్రేమతో పెడితే శాపం పెట్టినట్టు తీసుకున్నాడు బాపు. ఎప్పుడూ ఇంతే. నేను ఏది చేసినా వంకర. మారోతన్న పేరు ఆయన ఎప్పుడు రాశాడు? పోయినంక రాశాడు. నేను ఆయన బతికుండగానే రాసుకున్నాను. ఏది మంచిదో నువ్వే చెప్పు.

మాట వచ్చింది గనుక అనేస్తున్నాను. అన్నను ఆ బావిలోకి దింపింది ఎవరు? మేస్త్రీ ఎవరు? నేను ముఠా విడిచిన రోజు ఈ మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను. నా పెట్టెలో మనిషి దిగడు అంటే ఆయనకు కోపం ఎందుకో నాకు తెలుసు.

పేరు తుడవను. ఈ ముక్క బాపుకు చదవకు.

శంకర్రావు

నాందేడ్
6 జనవరి 1937

శంకర్రావుకు,

చదవకు అని రాసే మాట అసలు రాయకూడదు. నేను ఆ చోటికి వచ్చి నీళ్ళు నమిలాను. బాపు కళ్ళు మూసుకునే ఉన్నాడు. "బిడ్డా, నీ గొంతు మారింది. వాడు ఏం రాసిండో గది చదువు. నా కొడుకు మాట నా దగ్గర దాస్తవా" అన్నాడు. చదివాను. ఏం చెయ్యమంటావు?

కోప్పడతాడనుకున్నాను. "నిజమే గద. నేనే దింపిన" అన్నాడు.

మరునాడు తనే లేచి, ఘాటుకు తీసుకపొమ్మన్నాడు. దారి పొడుగునా నా భుజం మీద చెయ్యి వేసి నడిచాడు. బాపు ఇంత తేలికైపోయాడా అనిపించింది. నీళ్ళు తగ్గి మూడో కాలు బాగా పైకి తేలి ఉంది. మెట్ల మీద కూచున్నాక, ఇన్నేండ్లలో ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పాడు. ఆ రోజు మారోతి బావి అంచు మీద నిలబడి, "ఈ పూట వద్దు బాపూ, సప్పుడు బాగలేదు" అన్నాడట. బాపు కూడా చెవి పెట్టి విన్నాడట. ఆయనకూ బాగనిపించలేదట. అయినా మరునాడు పెద్ద సాబు చూడటానికి వస్తున్నాడని, "ఒక్క గంప తీసి జల్ది రా" అన్నాడట.

"వాడు నా మాట జవదాటలే. గదే నాకు పీకుతది" అని ఏడ్చాడు. బాపు ఏడవడం నేను చూడలేదురా, అవ్వ పోయినప్పుడు కూడా. పక్కన కూచున్నాను.

నువ్వు అన్న మాట తప్పు కాదు, తమ్ముడూ. కానీ ఆయన దగ్గర అది ఎప్పటినుంచో ఉంది. నువ్వు కొత్తగా ఇవ్వలేదు. నీ మీద కోపమని అనుకుంటూ వచ్చావు. నీ ముఖం చూస్తే ఆ పూట గుర్తొస్తుందని ఆయన నీతో మాట్లాడలేకపోయాడు. నేనూ ఇన్నేండ్లు కోపమనే అనుకున్నాను.

పేరు సంగతి ఇక నీ ఇష్టం. నేను మళ్ళీ అడగను.

రుక్మ

రేవు పని దగ్గర నుంచి
18 జనవరి 1937

అక్కా,

నాకు ఎవరూ చెప్పలేదు. తెలిసి ఉంటే ఆ ముక్క రాసేవాణ్ణి కాదు. రాసిన చెయ్యి విరగ్గొట్టుకోవాలనిపించింది. ఆ రాత ఇక్కడ కూచుని రాయడం ఎంత సులువో, అక్కడ నువ్వు నోటితో చదవడం ఎంత కష్టమో నాకు తట్టలేదు.

బాపును అడుగు. తుడవమంటే తుడుస్తాను, ఉంచమంటే ఉంచుతాను. ఆయన ఏది అంటే అది. కోళీల రివాజు గిట్ల నాకు వద్దు.

పెట్టె గోడలు పూర్తయ్యాయి. చెక్కలు విప్పాము. లోపల అరల్లోకి ఇనుప నిచ్చెనలు ఉన్నాయి. దేవన్న ఒక అరలోకి దిగి మరాఠీ భక్తిపాట, అభంగం ఎత్తుకుంటే ఒడ్డంతా మార్మోగింది. దొర కూడా పని ఆపి విన్నాడు. కాశీబాయికి ఈ మాట చెప్పు, సంతోషపడుతుంది.

బాపుకు దగ్గు ఎట్ల ఉంది? హకీమును పిలిచారా?

శంకర్రావు

నాందేడ్
5 ఫిబ్రవరి 1937

చిరంజీవి శంకర్రావుకు అక్క ఆశీర్వాదం.

ఇన్నాళ్ళకు మనసారా నవ్వుతూ రాస్తున్నాను. నీ ఉత్తరం వినిపించగానే బాపు "మల్లొకపారి చదువు" అన్నాడు. మళ్ళీ చదివాను. "నన్ను అడిగిండా వాడు? అడగుమన్నడా?" అని రెండు మూడుసార్లు అన్నాడు. తర్వాత చెప్పిన జవాబు ఇది, ఆయన మాట ఆయన మాటగానే రాస్తున్నాను: "ఉండనీ. కొడుకు రాసిన పేరు తండ్రి తుడిపిస్తడా? సచ్చినోళ్ళ పేరు గాదు గది. వాడు మంచిగ మొదలువెట్టిన పనికి నా పేరు."

ఆ రోజు అన్నం తిన్నాడు. కాకులకు వెయ్యలేదు.

కాశీబాయి సోమవారం సంతకు వచ్చి మన ఇంటికి వచ్చింది. దేవన్న పాడిన సంగతి చెబితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కానీ ఆమెకు గుబులు పోలేదు. "ఒక్కడే కొడుకు రుక్మా, సముద్రం అంటున్నరు" అంది. అప్పుడు బాపు మంచం మీద లేచి కూచుని, "కాశవ్వా, నా కొడుకు మేస్త్రీ. వాని పెట్టెల మనిషి దిగడు. అడుగున ఎవలు ఉండరు. నీ కొడుక్కు ఏం గాదు, నేను చెప్తున్న" అన్నాడు. నీ పేరు ఇంత గర్వంగా బాపు నోట విని నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. కాశీబాయి ధైర్యంగా పోయింది. పోతూ పోతూ, పున్నమి రోజు దేవన్నతో తలకు నూనె పెట్టుకోమని రాయమంది.

హకీము బాపును కదలనివ్వద్దన్నాడు. ఛాతీలో పట్టేసింది. మాఘ పున్నమికి రాలేడు. నువ్వే పని అయ్యాక నాలుగు రోజులకు రా. ఇంక ఆలస్యం చెయ్యకు, శంకరూ. దీపంలో చమురు తక్కువే ఉంది. ముఖాలు చూసుకోండి.

రుక్మ

రేవు పని దగ్గర నుంచి
27 ఫిబ్రవరి 1937

అక్కా,

ఎట్ల రాయాలో తెలియడం లేదు. బావ పక్కన ఉన్నప్పుడు చదువు. దేవన్న లేడు.

పెట్టె నీళ్ళలోకి బాగానే జారింది. తేలింది. జనం చప్పట్లు కొట్టారు. దేవన్న నూనె పెట్టుకుని తల నున్నగా దువ్వుకుని వచ్చాడు, కాశీబాయికి చెప్పు. కాదు, చెప్పకు. నువ్వే చూసుకో.

జాగా మీదికి తెచ్చి తూములు తెరిచాం. అన్ని అరల్లోకీ సమానంగా నీళ్ళు పోవాలి. ఒక అర తూము తెరుచుకోలేదు. ఆ పక్క తేలికగా ఉండి, అవతలి పక్క కుంగడం మొదలైంది. ఇంకాస్త ఒరిగితే పెట్టె మొత్తం పోయేది. నెలల పని. పాటు మొదలై నీళ్ళు వెనక్కు తీస్తున్నాయి. ఆవిరి పడవ వాడు అరుస్తున్నాడు.

ఎండి ఉన్న ఆ అరలోకి ఎవరో ఒకరు దిగి, సుత్తితో తూము తలుపు మీద నాలుగు దెబ్బలు వేయాలి. దేవన్న నా పక్కన ఉన్నాడు. "మేస్త్రీ, పెట్టె గజగజమంటున్నది, జెర ఆగుదమా" అన్నాడు. నేను "జల్ది పోయి రా, ఒక్క నిమిషం" అన్నాను.

దిగాడు. సుత్తి చప్పుడు విన్నాను. తూము ఒక్కసారి విరిగి తెరుచుకుంది, పెట్టె ఎగిరి కూచున్నట్టయింది, పక్క అరలో నీళ్ళు గోడ మీది నుంచి ఆ అరలోకి దూకాయి. నిచ్చెన పట్టుకునే దాకా వచ్చాడు. చెయ్యి చూశాను. అందలేదు.

పెట్టె మాత్రం సూటిగా, గీత గీసినట్టు తన జాగాలో కూచుంది. దొర వచ్చి నా భుజం తట్టాడు. ఆ చెయ్యి తీసి పారేయాలనిపించింది.

మరునాడు నీళ్ళు తోడి, దేవన్నను తీశాం. ఇక్కడే దహనం చేశాం. ముఠాలోని మన దిక్కు వాళ్ళు నలుగురు వచ్చి నా ముందు నిలబడ్డారు. పోయినవాడి పేరు కోసం నిలబడ్డారని నాకు తెలుసు. ఉలి తీసుకుని పడవలో పోయాను. బాపు పేరు చెక్కి తీసేశాను. దేవన్న అని రాశాను.

నా పెట్టెలో మనిషి దిగడని ఊరంతా చెప్పుకున్నాను. కాశీబాయికి నా ముఖం చూపించలేను. బాపుకు ఏం చెప్తావో చెప్పు. దాచినా సరే, ఈసారి నేను ఏమీ అనను.

శంకర్రావు

నాందేడ్
6 మార్చి 1937

శంకరూ,

దాచలేదు. బాపు దగ్గర ఇక ఏదీ దాచేది లేదు.

ముందు నేనూ మీ బావా పొద్దుటి బండికి కర్ఖేలి పోయాం. కాశీబాయి వాకిట్లో పత్తి ఏరుతోంది. నన్ను చూడగానే చేతిలోది కింద పెట్టేసింది. చెప్పాల్సిన పని లేకపోయింది. "వద్దు రుక్మా, అనకు" అంది. నన్ను పట్టుకుని ఏడవలేదు, నేల మీద కూచుని రెండు చేతులతో నేల కొట్టింది. చాలాసేపటికి ఒక్కటే అడిగింది. "పోచన్న కాక ఏం గాదన్నడు గద?" ఆమె నిన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఇంటికి వచ్చి బాపుకు నీ ఉత్తరం మొత్తం చదివాను. దేవన్న "ఆగుదమా" అన్న చోట బాపు చెయ్యి ఎత్తి నన్ను ఆపాడు. కొంచెంసేపు అయ్యాక తనే "ఊఁ, చదువు" అన్నాడు. అంతా విన్నాక మంచం దిగి ధోవతి అడిగాడు.

"యాడికి బాపూ?"

"వాని దగ్గరికి."

హకీము మాట చెప్పాను. అరిచాను కూడా. "నాకు గప్పుడు ఎవలు రాలే బిడ్డా. మేస్త్రీ దగ్గరికి ఎవలు రారు. సచ్చినోని ఇంటికి అందరు పోతరు" అన్నాడు.

మీ బావ సెలవు పెట్టాడు. ఇద్దరూ మన్మాడ్ బండి ఎక్కారు. బొంబాయిలో స్టీమరు పట్టుకుంటారు. మందు సీసా మీ బావ సంచిలో ఉంది, పొద్దున మాపు ఒక్కో గుటక. గాలి తగలనివ్వకు. దారిలోనే ఏమన్నా అయితే అని భయంగా ఉంది. కానీ ఆపి ఉంటే ఇక్కడ అంతకంటే ముందే అయ్యేది.

రేవుకు ఎదురు పో.

రుక్మ

రేవు పని దగ్గర నుంచి
14 మార్చి 1937

అక్కా,

బాపు చేరాడు. స్టీమరు ఒడ్డుకు రాదు కాబట్టి చిన్న పడవలోకి దింపారు. అక్కడ నుంచి ఒక కోళీ ఆయన భుజాల మీద ఎత్తుకుని నీళ్ళలో నడిచి తెచ్చాడు. నేను ఎదురు పోయి కాళ్ళు పట్టుకున్నాను. నా నెత్తి మీద చెయ్యి పెట్టి "బక్కగైనవు" అన్నాడు. ఆయనను చూస్తే ఆ మాట నేను అనాలి.

దగ్గుతో నెత్తురు పడుతోంది. మందు వేస్తున్నాను. ఇక్కడి డాక్టరు చూసి బావను పక్కకు పిలిచి మాట్లాడాడు. నాందేడుకు తిరుగు ప్రయాణం కుదిరేలా లేదు, అక్కా. నువ్వు రావాలనుకుంటే ఆలస్యం చెయ్యకు. కాశీబాయి దగ్గరికి నేను వస్తాను. ఎవరి చేతా చెప్పించను, నేనే వచ్చి ఆమె వాకిట్లో కూచుంటాను. ఆమె ఏమన్నా పడతాను.

నిన్న బాపు పెట్టె దగ్గరికి తీసుకపొమ్మన్నాడు. బావ వద్దన్నాడు. దుప్పటి కప్పి పడవలో కూచోబెట్టాను. సముద్రం కదలకుండా ఉంది. అరల్లో ఇసుక పోసే పని ఆగి ఉంది. దగ్గరికి పోయాక బాపు చెయ్యి చాచి గోడ మీద అరచెయ్యి పెట్టాడు. పెట్టెను చూసి మంచిగ పోసినవని అనలేదు. పేరు చదవమన్నాడు. దేవన్న అని చదివాను. దాని కింద నా ఉలి గాట్లు ఇంకా తెల్లగా ఉన్నాయి. అవి ఏమిటని అడగలేదు, ఆయనకు తెలుసు.

పడవ మెల్లగా గోడకు తగులుతూ ఉంది. అప్పుడు బాపు నా వైపు చూడకుండా అడిగాడు.

"వాణ్ణి లోపలికి ఎవలు పంపిన్రు?"

"నేనే బాపూ."

"నేను గూడ, కొడుకా" అన్నాడు.

శంకర్రావు